డైరెక్టు జాకబ్

అనకాపల్లి హైవే పక్కన జాకబ్‌కి ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రేకుల కప్పు, ఒక బల్ల, గోడకి వేళాంగణి మాత కేలండరు, దాని పక్కన ఒక మేకు, ఆ మేకుకి వేలాడుతూ మూరెడు ఎర్ర వైరు. వైరుకి రెండు చివర్లా పళ్ళ క్లిప్పులు. ఈ లోకంలో జాకబ్ నమ్మింది ఇద్దర్నే: కేలండర్లోని తల్లినీ, మేకుకున్న వైరునీ. ఆ ఇద్దరిలో ముందెవర్ని నమ్ముతాడో ప్రభువుకే తెలియాలని అతని భార్య లూర్దు మేరీ అంటుంది.

ఆ వైరు చేసే పని చిన్నదే. కారులో రేడియేటర్ ఫ్యాను తిరగలేదనుకోండి. దాని స్విచ్చికి ఇవతల ఒక క్లిప్పు, అవతల ఒక క్లిప్పు తగిలిస్తే కరెంటు స్విచ్చి నెత్తిమీంచి దాటిపోతుంది. ఫ్యాను తిరిగిందా, తప్పు స్విచ్చిదే. మరో మేస్త్రీ అయితే కొత్త స్విచ్చి తెమ్మంటాడు. జాకబ్ అనడు. స్విచ్చి పీకి అవతల పారేసి, రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేస్తాడు. "డైరెక్టు ఇచ్చేసేను బావా, ఇంక సూసుకోనక్కర్లేదు. స్విచ్చంటే మధ్యలో బ్రోకరు. పని సేసేది కరెంటు" అంటాడు. డ్రైవర్లకి ఈ వేదాంతం బాగా నచ్చింది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. అలా అతను ఇటు తుమ్మపాల నుంచి అటు నక్కపల్లి దాకా డైరెక్టు జాకబ్ అయిపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. ఇస్త్రీపెట్టె డైరెక్టు, ప్లగ్గు పీకితేనే ఆగుతుంది. ఫ్రిజ్జు డైరెక్టు, పాలు గడ్డకడతాయి. కుక్కరు మూత మీది సేఫ్టీ బిళ్ళ ఒకరోజు కరిగి ఊడిపోతే, ఆ కన్నంలో చిన్న బోల్టు పెట్టి బిగించాడు. "బిళ్ళ కొంటే మళ్ళీ పోతాది. బోల్టు జన్మలో పోదు" అన్నాడు. లూర్దు మేరీ ఆ రోజు నుంచి కుక్కరు పెట్టినప్పుడల్లా వంటగది గుమ్మం బయటే నిలబడేది. గ్యాస్ సిలిండరుని కూడా పట్టుబట్టి పెరట్లో గోడ అవతల పెట్టించుకుంది. పిరికిదానివని జాకబ్ నవ్వాడు. పిరికితనం లేని ఇంట్లో దీపం పెట్టేవాళ్ళుండరని అతనికి ఎవరూ చెప్పలేదు.

2007 మే నెలలో ఒక శనివారం పొద్దున్నే బెల్లం వ్యాపారి అప్పలనరసింహం గారబ్బాయి వెంకటసాయికృష్ణ తన తెల్ల కారు తెచ్చాడు. డిక్కీలో నీలం రంగు సిలిండరు పడుకుని ఉంది. చెన్నై నుంచి తెప్పించాడట. నైట్రస్ అనే గ్యాసు. మీట నొక్కితే ఆ గ్యాసు ఇంజిన్లోకి పోయి కారు ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. ఆ రోజు మధ్యాహ్నం నక్కపల్లి దగ్గర స్నేహితులతో పందెం ఉంది. గొట్టాలన్నీ విశాఖపట్నంలో ఎవరో బిగించారు. వైరింగు మిగిలింది.

కూడా వచ్చిన ఇంగ్లీషు కాగితం కుర్రాడు చదివి చెప్పాడు. సిలిండరు చల్లబడితే లోపల ప్రెషరు పడిపోతుంది, అందుకని దానికి దుప్పటిలాంటి హీటరు చుట్టాలి. మరీ వేడెక్కితే ప్రెషరు పెరిగి ప్రమాదం, అందుకని సిలిండరు మెడ దగ్గర ప్రెషరు స్విచ్చి పెట్టాలి. ప్రెషరు వెయ్యికి చేరగానే ఆ స్విచ్చి హీటరుని ఆపేస్తుంది. కుర్రాడు ఆ వెయ్యి అంకె కింద పెన్నుతో గీత గీశాడు.

"అన్నిటికన్నా ఈ స్విచ్చే ముఖ్యమంట మేస్త్రీ."

"ఇది పని సెయ్యకపోతే ఏటవుద్ది బాబూ?"

"మెడ దగ్గర రేకు బిళ్ళ ఉంటాది. అది పగిలి గ్యాసంతా బయటికి తన్నుకొచ్చేత్తాది. ఆ గ్యాసు కారు బయటికి పోడానికి ఒక గొట్టం పెట్టాలి. అది వచ్చే వారం వత్తాది."

"బిళ్ళ పగలకపోతే?"

కుర్రాడు నవ్వి, రెండు చేతులూ ఆకాశంలోకి విసిరి చూపించాడు.

జాకబ్ పని శుభ్రంగానే చేశాడు, అబద్ధమెందుకు. రిలే, ఫ్యూజు, స్విచ్చి, అన్నీ కాగితంలో బొమ్మ ఎలా ఉంటే అలాగే. పది గంటలకి తాళం తిప్పి చూస్తే హీటరు వేడెక్కలేదు. చెయ్యి పెట్టి చూశాడు. లేదు. సిలిండరు మెడ దగ్గర ప్రెషరు మీటరులో ముల్లు ఎక్కడుందో కూడా చూశాడు, పదకొండు వందల దగ్గరుంది. చూశాడు గాని ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే మేకు మీదికి పోయింది. ఎర్ర వైరు తెచ్చి స్విచ్చికి అటూ ఇటూ తగిలించాడు. నిమిషంలో దుప్పటి వేడెక్కింది.

"స్విచ్చి సచ్చిపోయింది బాబూ. సాయంత్రం ఎలాగూ ఇటే వత్తావు గదా, అప్పుడు సూద్దాం. అందాకా ఈ వైరు ఉండనీ."

కుర్రాడు గడియారం చూసుకుని తలూపాడు.

సరిగ్గా అప్పుడే లూర్దు మేరీ గోనెసంచితో వచ్చింది. ఎలమంచిలిలో ఆమె చెల్లెలు బెల్లం ఆవకాయ పెడుతోంది. బెల్లం అనకాపల్లిదే కావాలని కబురంపితే, ఐదు కేజీల దిమ్మ పట్టుకుని బస్సుకి బయల్దేరింది. ఇంట్లో ఏ గొడవ మొదలైనా ఆమె చివరికి వేసే బాణం ఒకటుంది: "ఇరవయ్యేళ్ళయి ఊళ్ళోవోళ్ళ కార్లన్నీ బాగుసేత్తన్నావు, ఒక్కసారైనా నన్ను కారెక్కించేవా?" ఆ బాణం తగిలిన చోట ఈ వేళ మందు రాయొచ్చని జాకబ్‌కి తట్టింది. కుర్రాడి చెవిలో మాట వేశాడు. కుర్రాడు మంచివాడు, వెంటనే వెనక తలుపు తీశాడు.

"రండాంటీ, ఎలమంచిలిలో దింపేత్తాను."

లూర్దు మేరీ సిగ్గుపడుతూ వెనక సీట్లో కూర్చుంది. బెల్లం దిమ్మ జాకబే డిక్కీలో పెట్టాడు, దొర్లిపోకుండా నీలం సిలిండరుకి ఆనించి. డిక్కీ మూసి, కారు కనబడినంత మేరా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. ఏసీ కారులో భార్య పోతుంటే అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇరవై నిమిషాలయ్యాక పైడిరాజు లారీ వచ్చి ఆగింది. బ్రేకు లైటు వెలగడం లేదన్నాడు. జాకబ్ లోపలికొచ్చి, అలవాటుగా తల ఎత్తకుండానే మేకు మీదికి చెయ్యి చాపాడు. చేతికి గోడ తగిలింది.

కారులో ఉండిపోయింది గదా అనుకుని, ఇంకో ముక్క కోసం బల్ల మీద వెతికాడు. కాగితం కనిపించింది. గీత గీసిన వెయ్యి కనిపించింది. దాని పక్కనే, ఎవరో చూపుడు వేలు పెట్టి చూపించినట్టు, పొద్దున్న చూసిన ముల్లు కళ్ళముందు ఆడింది. పదకొండు వందలు.

స్విచ్చి చావలేదు. డిక్కీ మూత తెరిచి పొద్దుటి నుంచీ ఎండలో పెట్టిన సిలిండరు అది. అనకాపల్లి మే నెల ఎండ. హీటరు అక్కర్లేకుండానే వెయ్యి దాటేసింది. అందుకే స్విచ్చి హీటరుని ఆపింది. చెయ్యాల్సిన పని చేసింది. తను దాని గొంతు నొక్కి, వెయ్యి దాటిన దానికి ఇంకా నిప్పు పెట్టి, డిక్కీ మూసి, దాన్ని ఆనుకునున్న వెనక సీట్లో పెళ్ళాన్ని కూర్చోబెట్టి టాటా చెప్పాడు.

జాకబ్ గీత గీసిన వెయ్యి మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"ఏటయింది మామా?" అన్నాడు పైడిరాజు.

జాకబ్ కాగితం పక్కకి తోశాడు. మొబైల్ తీసి కుర్రాడికి ఫోన్ చేశాడు. రింగు అతని మోచేతి పక్కనే మోగింది. చార్జింగుకి పెట్టి మర్చిపోయిన కుర్రాడి ఫోను, బల్ల మీద పాత పేపరు కింద వణుకుతోంది. లూర్దు మేరీకి మొబైల్ లేదు. కొనమని రెండుసార్లు అడిగింది గూడాను.

పక్కన పంక్చర్ల షాపు కన్నబాబు బండి తాళంతో సహా ఉంది. జాకబ్ అడగను కూడా అడగలేదు. కన్నబాబు వెనకనుంచి ఏదో అరుస్తుండగానే హైవే ఎక్కేశాడు.

కశింకోట దాటేదాకా అతనికి తను ప్రార్థిస్తున్నాడో తిట్టుకుంటున్నాడో తెలియలేదు. "తల్లీ, స్విచ్చి ఆపు. తల్లీ, కారు ఆపు. ఎదవని నేనే, దాన్నొదిలీ." కళ్ళలో దుమ్ము, చెమట. వేడిగాలి మొహాన కొడుతుంటే డిక్కీలో ఇంకెంత వేడుంటుందో అని లెక్కలు కడుతున్నాడు. పావుగంట హీటరు వెలిగితే ఎంత, అరగంట వెలిగితే ఎంత? బిళ్ళ పగిలితే గ్యాసంతా కారులోకే వస్తుంది, అద్దాలు ఎత్తి ఉంటాయి, ఏసీ వేసి ఉంటుంది. కుర్రాడు కళ్ళు తిరిగి స్టీరింగు వదిలేస్తే? బిళ్ళ పగలకపోతే? కుర్రాడు ఆకాశంలోకి విసిరిన రెండు చేతులూ గుర్తొచ్చి జాకబ్ బండి మీదే గట్టిగా ఏడ్చాడు.

తాళ్ళపాలెం దగ్గర ఎదురుగా ఢామ్మని చప్పుడైంది.

బండి దానంతటదే ఆగిపోయింది. అంటే జాకబే ఆపాడు, కాని అతనికి తెలియదు. ముందు దుమ్ము లేచింది, మనుషులు పరిగెడుతున్నారు. వెళ్ళి చూడాలి. వెళ్ళలేకపోయాడు. ఎవరో ఒక ముసలాయన అటునుంచి నింపాదిగా నడిచొస్తూ, "లారీ టైరు పేలిపోనాది, మరేటీ నేదు" అన్నాడు. జాకబ్ ఆయనకి చేతులెత్తి దండం పెట్టాడు. ఆయనకేమీ అర్థం కాక తనూ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎలమంచిలి ఇంకా మూడు నాలుగు మైళ్ళుందనగా, రోడ్డు వారన చింతచెట్టు కింద తెల్ల కారు కనబడింది. డిక్కీ మూత ఎత్తి ఉంది. నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

జాకబ్ బండిని స్టాండు వేయకుండానే వదిలేశాడు. అది పక్కకి పడిపోయింది. "మేరీ!" అని అరిచాడు. ముందు బ్యాటరీ తీసెయ్యాలి, ముందు బ్యాటరీ, అనుకుంటూ బోనెట్ ఎత్తి, వైరు పీకేశాడు. అక్కణ్ణించి డిక్కీ దగ్గరికి ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిది అడుగులు వేయడానికి అతనికి చాలాసేపు పట్టింది.

డిక్కీలోంచి పాకం మాడిన వాసన గుప్పుమంది. బెల్లం దిమ్మ సగం కరిగి, సిలిండరు కింద నల్లగా మడుగు కట్టింది. ముల్లు ఆఖరి అంకె దాటి, ఇంక పోవడానికి చోటు లేక అంచుకి ఆనుకుని ఉంది. స్విచ్చి దగ్గర చూశాడు. ఎర్ర వైరు లేదు.

ఊడి ఎక్కడో పడి, ఇంకెక్కడో తగులుకుని ఉంటుందా? మడుగులో ఉందా? చెయ్యి పెట్టాలంటే భయం, పెట్టకపోతే భయం.

"దీనికోసమేనా?"

చెట్టు వెనక బోరింగు ఉంది. లూర్దు మేరీ బెల్లం జిగురు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వస్తోంది. వెనక కుర్రాడు ఖాళీ సీసాతో నీళ్ళు తెస్తున్నాడు. ఆమె హేండ్‌బ్యాగు జిప్పు తీసి, చుట్ట చుట్టిన ఎర్ర వైరు చూపించింది.

"ఏదో మాడుతున్న వాసనొచ్చింది. నా బెల్లమే అనుకున్నాను, ఆపించేను. సూత్తే ఇదక్కడుంది. రోజూ మాత పక్కన సూసే వైరు నాకు తెలీదేటి? మర్చిపోయి ఒగ్గేసి, సాయంత్రం షాపంతా తిరగేత్తావని తీసి దాసేను. ఏటీ, దీనికోసం ఇంత దూరం పరిగెట్టుకొచ్చేవా?"

జాకబ్ ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని రోడ్డు దాటించి, అవతల పొలం గట్టు దాకా ఈడ్చుకుపోయాడు. అక్కడ నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. స్విచ్చి బాగానే ఉందని, తనే చంపానని, ప్రెషరు వదిలే రేకు బిళ్ళ పగలకపోతే సిలిండరే పేలిపోతుందని, ఆమె బెల్లం కోసం ఆపించకపోతే ఎలమంచిలి దాకా కూడా వెళ్ళేవాళ్ళు కాదేమోనని. కుర్రాడి మొహం పాలిపోయింది. నక్కపల్లి పందెం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ముగ్గురూ గట్టు మీద కూర్చుని, దూరం నుంచి కారుకేసి చూస్తూ ఉండిపోయారు. హీటరు ఆగింది గాని సిలిండరు ఇంకా కాలుతూనే ఉంది. ఎప్పుడు చల్లారుతుందో, ఈలోగా ఏమవుతుందో ఎవరికీ తెలియదు. లారీలు పోతున్నాయి. ఒక్కో లారీ హారన్ కొట్టినప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి ఉలిక్కిపడుతున్నారు.

లూర్దు మేరీ తిడితే బాగుండునని జాకబ్ ఎదురుచూశాడు. ఆమె తిట్టలేదు. వీపు తడుముకుంది, సీటుకి ఆనిన చోట.

"అయితే ప్రెషరు ఎక్కువైనప్పుడు వదిలేడానికి పెట్టిన బిళ్ళని మూసేత్తే, పేలిపోద్దా?" అంది నెమ్మదిగా.

"అవును మేరీ."

"మరి మన కుక్కరుకి నువ్వు బిగించిన బోల్టో?"

జాకబ్ ఆమె కేసి చూశాడు. ఎండలో అతనికి చలేసింది.

"సోనీకి పప్పు పెట్టుకోమని సెప్పొచ్చేను," అందామె.

సోనీ వాళ్ళకి ఒక్కతే కూతురు. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. జాకబ్ ఇంటి నంబరు నొక్కాడు. మొదటిసారి తప్పు నొక్కాడు. రెండోసారి రింగు పోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లూర్దు మేరీ అతని మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"హలో?"

"సోనీ! కుక్కరెట్టేవా?"

"ఆఁ నాన్నా. ఎట్టి అరగంటయింది. ఈ వేళ విజిలే రావట్లేదు. అదే సూద్దామని ఎళ్ళబోతంటే ఫోన్ మోగింది."

పప్పు ఎగదన్ని ఆవిరి కన్నం మూసుకుపోయింది. రెండో కన్నం బోల్టుతో తను మూసేశాడు. జాకబ్‌కి ఆ కుక్కరు కళ్ళముందు కనిపించింది. మూత మీద బోల్టు తళతళ మెరుస్తోంది.

"వంటగదిలోకెళ్ళకు. ఇన్నావా? ఎళ్ళకు. పెరట్లోకెళ్ళి సిలిండరు కట్టీ. గోడ అవతల్నించే కట్టీ. కట్టీసొచ్చి నాకు సెప్పు. లోపలికి మాత్రం తొంగి కూడా సూడకు."

"ఏటయింది నాన్నా?"

"ఎళ్ళమ్మా!"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు. పెరటి తలుపు గొళ్ళెం. ఆ తర్వాత ఏమీ లేదు. జాకబ్ ఫోను చెవికి నొక్కి పట్టుకుని, ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న తన ఇంటిని వింటూ కూర్చున్నాడు. ఇంట్లో గోడగడియారం టిక్కు టిక్కు అంటోంది. ఏ నిమిషంలోనైనా ఆ టిక్కుల మధ్య ఇంకో చప్పుడు వినబడుతుందేమోనని అతను ఊపిరి కూడా తీసుకోలేదు.

చెప్పుల చప్పుడు మళ్ళీ వచ్చింది.

"కట్టేసేను నాన్నా."

లూర్దు మేరీ ఫోను లాక్కుంది. "అరుగు మీద కూకో తల్లీ. మేమొచ్చేదాకా లోపలికెళ్ళకు. ఆకలేత్తే పక్కింట్లో తిను" అని చెప్పి ఫోన్ కట్టేసింది.

అవతల రోడ్డు మీంచి ఒక స్కూలు బస్సు పోయింది. వేసవి సెలవులు, లోపల పిల్లల్లేరు. కిందటి నెలలోనే దానికి జాకబ్ ఏదో డైరెక్టు ఇచ్చాడు. ఏం ఇచ్చాడో గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. లేచి బస్సు వెనక రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

లూర్దు మేరీ ఎర్ర వైరుని మళ్ళీ బ్యాగులో వేసి జిప్పు లాగింది. కుర్రాణ్ణి పెన్ను ఇమ్మని అడిగింది.

"ఇంకెక్కడెక్కడిచ్చేవు డైరెక్టు?" అంది. "సెప్పు. అన్నీ సెప్పు. బళ్ళ నంబర్లు గుర్తున్నంతవరకూ సెప్పు."

జాకబ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు.

"ముందు ఇంట్లోవి సెప్పు," అందామె.

"ఇస్త్రీపెట్టె," అన్నాడు జాకబ్.